రెండు గడుల ఫారం

ఇంటి మహారాణికి,

ఇక్కడ నేనూ చిట్టీ నిక్షేపంగా ఉన్నాం. నీ ట్రైనింగు, హాస్టలు గది ఎలా ఉన్నాయో రాయి. అడిగావు కదా, వంటింటి కుళాయి బాగుచేయించాను. చిట్టి జడ మాత్రం ఇంకా నాకు లొంగలేదు. 'ఎవరు వేశారమ్మా?' అని టీచరు అడిగితే, 'మా నాన్న, నేర్చుకుంటున్నాడు' అందట. పరువు నిలిపింది.

ఇక అసలు సంగతి. ఎగిరి గంతెయ్యకు. మన వాదనలో నువ్వే గెలిచావు.

పన్నెండు వేలమందిని ఏటా కలిసి, ఎవరెంత తాగుతున్నారు, ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఎవరు పోయారు అని రాసుకునే మా పరిశోధన నీకు తెలిసిందే. అసలు తాగనివాళ్లకంటే కొద్దిగా తాగేవాళ్లే ఎక్కువకాలం బతుకుతున్నారని తేలినప్పుడు, 'చూశావా, సైన్సు!' అంటూ గ్లాసు పట్టుకుని నీ ముందు తిరిగాను. 'ఆ సైన్సు మీ గ్లాసులోంచే వచ్చినట్టుంది' అన్నావు.

పోయిన నెలలో ఒకరోజు, కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పుతూ, నన్నే ప్రశ్నలడగమన్నాను.

"తాగుతారా సార్?"

"లేదమ్మా."

'తాగరు' అన్న గడిలో టిక్కు పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని నువ్వూ, నేనూ ఒకే గడిలో! నాలాగా ఒళ్లు చెడి మానేసినవాళ్లంతా అందులోనే చేరి కూర్చున్నారు. వాళ్ల జబ్బులూ చావులూ తాగనివాళ్ల మీద పడ్డాయి. పాత ఏళ్ల ఫారాలు తిరగేసి వాళ్లను విడదీశాం. కొద్దిగా తాగితే మంచిదన్నది కాస్తా మాయమైంది. తాగినకొద్దీ ప్రమాదం పెరగడమే మిగిలింది. ఆ ఫారం తయారుచేసింది నేనే. డైరెక్టరుగారు మొదట తల పట్టుకున్నారు, తర్వాత నవ్వి భుజం తట్టారు. ఇప్పుడు 'మానేశారు' అని మూడో గడి వచ్చింది.

'నాలాగా ఒళ్లు చెడి' అన్నానా? నీకు చెప్పనిది అదే. నువ్వు వెళ్లిన వారానికే రక్తపరీక్షలో నా లివరు పాడవుతోందని తెలిసింది. చాలా భయమేసింది. ఆ రోజే మానేశాను. చెబితే ట్రైనింగు వదిలేసి వచ్చేస్తావని నాలుగు నెలలు దాచాను. తప్పే.

ఈ ఉదయం రెండో రిపోర్టు వచ్చింది. లివరు కోలుకుంటోంది! ఆనందం పట్టలేక చిట్టిని ఎత్తుకుని గదంతా గిర్రున తిప్పి, విషయం చెప్పేశాను. అది కిందికి దిగి, "మరి అమ్మకి చెప్పావా?" అంది. అందుకే ఈ ఉత్తరం.

రెండు రిపోర్టులూ ఇందులోనే పెట్టాను. మొదటిది చూసి తిట్టు, రెండోది చూసి క్షమించు. దయచేసి వరస మార్చకు.

ఇట్లు,
నీ మొగుడు