ఉతికి ఇచ్చిన చొక్కా

2015 ఆగస్టు 11, మంగళవారం. పొద్దున జల్లు పడి వెలిసింది. కుర్చీ కాలు బిగించి పటాలం వంటామె ఇంటికి పంపాను. మిషన్‌కు నూనె వేశాను. ఆ తరువాత ఈ వీలునామా రాయడానికి కూర్చున్నాను.

నేను పటాలం గేటుకు ఎదురుగా దుకాణం పెట్టుకున్న దర్జీని. బడికి పోలేదు. కొలతలు రాసుకుంటూ రాత నేర్చుకున్నాను. గుండె బాగాలేదని డాక్టరుగారు చెప్పారు. మతి మాత్రం స్థిమితంగా ఉంది. కోపం కూడా స్థిమితంగానే ఉంది. నా స్వార్జితం గురించి ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు మరొకటి రాయలేదు. నా తదనంతరం దీన్ని అమలు జరపవలసినవాడు పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే నా స్నేహితుడు. ఆయన జన్మలో ఏ గడియారమూ చెప్పిన రోజుకు ఇవ్వలేదు. ఈ ఒక్క పని వేళకు చేయాలని కోరుతున్నాను.

1. నా ఇల్లు, దుకాణం గది నా కూతురికి చెందాలి. ముసలాడు పక్షపాతం చూపించాడని రేపు ఎవరూ అనకుండా కారణం రాస్తున్నాను.

నా కూతురు పటాలంలో రేడియో ఆపరేటరు. ఒక సాయంత్రం ఆమె డ్యూటీలో ఉండగా పై అధికారి అయిన కెప్టెన్ రేడియో గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, ఆమెను బలాత్కరించాడు. ఈ మాట వాళ్ల కాగితాల్లో ఎక్కడా లేదు. ‘అనుచిత ప్రవర్తన’ అని ఉంది. అందుకని నా కాగితంలో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆమె ఎలాగో బయటపడి వంటశాలకు పరుగెత్తింది. వంటామె తన శాలువా కప్పి, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది.

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదు. “పటాలం సంగతి పటాలమే చూసుకుంటుంది పెద్దాయనా, మమ్మల్ని ఇరికించకు” అన్నారు. పటాలం అంటే కల్నల్. ఆ కెప్టెన్ చాలా మంచి అధికారి అని ఏటేటా రాసిచ్చిందీ ఆయనే, విచారణ జరపాలో వద్దో తేల్చాల్సిందీ ఆయనే. విచారించే అధికారిని కూడా ఆయనే వేశాడు. ఆ అధికారీ, కెప్టెనూ రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. “చూడమ్మా, పటాలం ఒక కుటుంబం. ఇంటి గుట్టు ఇంట్లోనే తేల్చుకుందాం” అన్నాడట కల్నల్ నా కూతురితో. ఆ ఇంట్లో ఆయన ఎవరి తరఫు పెద్దో ఆ తరువాత తెలిసింది.

ఆ సాయంత్రం ఆమె వేసుకున్న చొక్కాను సాక్ష్యం కింద తీసుకున్నారు. ఉతకని బట్టను స్టోరులో పెట్టకూడదని పటాలం నియమం. స్టోరువాళ్లు నియమం తప్పే మనుషులు కారు. లాండ్రీకి పంపి, ఉతికించి, ఇస్త్రీ చేయించి, తెగిపోయిన గుండీకి బదులు కొత్తది కుట్టించి, చీటీ కట్టి భద్రంగా దాచారు. విచారణ రోజు మడత విప్పి, “దీని మీద ఏమీ లేదే” అన్నారు.

వంటామెను సాక్ష్యానికి రమ్మన్నారు. “పిలిస్తే చెబుదామని పొద్దున్నుంచీ గది బయట ఆ వీపు ఆనని బల్ల మీదే కూర్చున్నానన్నా. చీకటి పడే వేళకి ఊడ్చేవాడొచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా, ఎప్పుడో అయిపోయింది, లే, ఊడ్చుకోవాలి అన్నాడు” అని ఆమె నాకు చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా అరగలేదు.

తీర్పు ఇది. కెప్టెన్‌కు ఒక మందలింపు ఉత్తరం. డ్యూటీ గది వదిలి పరుగెత్తినందుకు నా కూతురికి హోదా తగ్గింపు. ఆపైన ఆమె క్షేమం కోసమేనంటూ ఎక్కడో దూరపు క్యాంపుకు బదిలీ.

ఇలాంటి నేరాన్ని పటాలం కాదు, బయట అందరికీ ఉన్న కోర్టే విచారించాలని నా కూతురు వేసిన దావా ఇప్పుడు నడుస్తోంది. నేను పోయాక ఆమె చేత దాన్ని వెనక్కి తీయించాలని చూసేవాళ్లు ఉన్నారు. ఆమెకు నిలబడడానికి చోటు ఉండాలి. ఇల్లు అందుకు.

2. మిషన్లు రెండూ, కత్తిరింపు బల్ల నా కొడుక్కి. వాడు పటాలానికి కూరగాయలు సరఫరా చేస్తాడు. “నాన్నా, మిషన్ తొక్కుకునేవాళ్లం, ఫిరంగులతో మనకెందుకు? చెల్లికి నువ్వే నచ్చచెప్పు” అని నా మంచం దగ్గర కూర్చుని చెప్పిన కొడుకు వాడు. చెల్లెలు ఎలా ఉందని మాత్రం అడగలేదు. ఇకమీదట దావా వదిలెయ్యమని చెల్లెల్ని ఒక్కసారి అడిగినా ఇవన్నీ వాడికి కాక వాడి భార్యకు చెందుతాయి. అడిగాడో లేదో చెప్పవలసిందీ ఆవిడే.

3. నా భార్య వాడిన చిన్న కత్తెర, వేలితొడుగు కోడలికి. చుట్టాలందరూ మొహం చాటేసిన రోజుల్లో నా కూతురి తల దువ్వి జడ వేసిన మనిషి ఆమె.

4. దుకాణంలో లోపలి కొక్కేనికి ఒక యూనిఫాం కోటు ఉంది. అది ఆ కెప్టెన్‌ది. ఆయనకు మేజర్‌గా ప్రమోషన్ వచ్చింది, భుజాలకు కొత్త గుర్తులు కుట్టమని ఆయన పనులు చూసే ఆర్డర్లీ తెచ్చి పడేసి వెళ్లాడు. కుట్టలేదు. నా చేతికి పటాలం పని రావడం ఆ వారమే ఆగిపోయింది. ఆయన వేరే కోటు కుట్టించుకున్నాడని విన్నాను. నేను పోయాక దీన్ని దులిపి, మడతపెట్టి, గుర్తులను విడిగా పొట్లం కట్టి, పగటిపూట, గేటు దగ్గర పదిమంది చూస్తుండగా ఆయనకు అప్పగించాలి. ఎందుకు కుట్టలేదని అడిగితే దర్జీకి ఇష్టం లేకపోయిందని చెప్పాలి.

5. ట్రంకుపెట్టె అడుగున తెల్ల గుడ్డలో చుట్టి ఉన్నది ఆ చొక్కా. విచారణ అయ్యాక సంతకం తీసుకుని తిరిగిచ్చారు. ఆ మూటను నా కూతురు తప్ప ఎవరూ విప్పకూడదు. కోర్టుకు ఇచ్చుకున్నా, పొయ్యిలో పెట్టినా, దానితో కిటికీలు తుడుచుకున్నా ఆమె ఇష్టం.

6. కిందటి నెల సెలవుకు వచ్చినప్పుడు నా కూతురు అంది, “అన్నయ్య వదిలెయ్యమంటాడు, వకీలుగారు పట్టు విడవద్దంటారు. నీకేం కావాలే అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు నాన్నా.” అందుకని ఈ షరతు రాస్తున్నాను. ఒకటో అంశంలోని ఆస్తికి ఏ షరతూ లేదు. ఆమె దావా నడిపినా ఇల్లు ఆమెదే, రేపు పొద్దున్నే మానేసినా ఆమెదే. మానేస్తే, తండ్రి ఆత్మ ఘోషిస్తుందని ఎవరూ అనకూడదు. ఘోషించదు. నేను బతికుండగానే కావలసినంత ఘోషించాను.

7. వంటామెకు నా దుకాణంలోని వీపు ఆనే కుర్చీ రాద్దామనుకున్నాను. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు దానికి సాక్షులుగా ఉండకూడదని వకీలుగారు చెప్పారు. కాబట్టి ఆమెకు ఇందులో ఏమీ రాయడం లేదు. కుర్చీ ఈ పొద్దునే పంపేశాను. సంతకానికి మధ్యాహ్నం రమ్మన్నాను. చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. లోపలికి పిలిచాను.

పైన రాసినదంతా చదివి వినిపించి, ఇద్దరు సాక్షుల ఎదుట చేసిన సంతకం.

పటాలం గేటు ఎదుటి దర్జీ
2015 ఆగస్టు 11

సాక్షులు:
1. వైద్యం చేస్తున్న డాక్టరు
2. పటాలం వంటశాలలో వంటామె