రాధాబాయి వాకిట్లో పసుపు

చందూర్ దగ్గరి మన ఊరు
సాధారణ నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం (1971 మార్చి)

చిరంజీవి కమలమ్మను నీ తెలుగు పంతులు రాజలింగు మనసారా దీవించి వ్రాస్తున్నాను.

సముద్రాలు దాటి వచ్చిన నీ నీలికాగితపు ఉత్తరాన్ని మన కళ్లంలో అందరికీ చదివి వినిపించాను. ఆస్ట్రేలియాలో నీవు నర్సు శిక్షణ పొందుతున్న ఊరు కూడా చెరకు ఊరేనని వినగానే మనవాళ్లు దగ్గరగా జరిగి కూర్చున్నారు. అక్కడి పత్రికలో ప్రజల మొరలకు ఒక పుట ఉన్నదట. రొట్టె చిన్నదైందని ఒకరు, టెలిఫోను కంపెనీ పలకదని మరొకరు వ్రాస్తే, అంత పెద్ద కంపెనీవారు తమ పేరు పెట్టి బదులు చెబుతారట. అన్నిటినీ మించి, చక్కెర మిల్లు మసి తన ఉతికిన బట్టల మీద పడుతున్నదని ఒక వృద్ధురాలు వ్రాస్తే, బట్టలుతికే సోమవారాలలో ఆ మిల్లు చిమ్నీలో మసి ఊదడం మానిందట! రాజుల కోటగుమ్మాలకు ధర్మగంటలు కట్టి ఉండేవని పురాణాలలో చదివాను. ఆ గంట మ్రోగగా విన్న మనిషి ఒకరు నాకు ఉత్తరం వ్రాయడం ఇదే మొదలు.

మన భీమన్న నోరు తెరిచి, "ఆడ ముసల్ది కాయితం రాస్తే చిమ్నీ ఊకుంటదా? గీడ మనం మొత్తుకున్నా గేటు తెరువరు గద పంతులూ!" అన్నాడు.

ఈ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. చెప్పవద్దని మీ అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. అయినా దాచలేను.

మన పొలిమేరలో కొత్తగా వెలసిన చక్కెర కంపెనీ సంగతి నీకు తెలుసు. తెల్లవారుజామున బాయిలర్ గొట్టాలలోని మసిని చిమ్నీ ద్వారా ఊదుతారు. సరిగ్గా అప్పుడే మనవాళ్లు ఉడికిన పసుపును కళ్లంలో పరుస్తారు. తడి కొమ్ముకు అంటిన మసి పాలిష్ పట్టినా వదలదు. నిజామాబాద్ గంజ్‌లో వ్యాపారులు ఆ పసుపును వేలితో కూడా ముట్టలేదు. నేను పత్రికవారికి విన్నపం వ్రాశాను. ఒక విలేకరి వచ్చాడు. వచ్చిన పూట చిమ్నీలో హంసరెక్క వంటి తెల్లని పొగ! కంపెనీ గెస్టుహౌసులో భోంచేసి వెళ్లి ఏమి వ్రాశాడో తెలుసా? మసి మాట కల్పితమట. పసుపు నల్లబడుతున్నది ఉడకబెట్టే కూలీల అజ్ఞానం వల్లనట.

మన చుట్టుపక్కల పసుపు ఉడకబెట్టే చెయ్యి ఎవరిదమ్మా? మీ అమ్మ నర్సవ్వది. అచ్చులో పడిన మాటను మనవాళ్లు వేదవాక్యంగా పట్టుకున్నారు. "నర్సవ్వా, పసుపు ఉడకవెట్టినవా, బొగ్గు ఉడకవెట్టినవా?" అని దారిలో ఎత్తిపొడుస్తున్నారు. మసి పడడం చూసిన భీమన్న సైతం తన కడాయి దగ్గరికి నవీపేట్ నుండి వేరే మనిషిని పిలిపించుకున్నాడు. "పంతులూ, నా బిడ్డకు గిది రాయకు. ఆడ ఒక్కతే ఏడుస్తది" అన్నది మీ అమ్మ. ఆదివారం ప్రార్థనకు పోయినప్పుడు కూడా వెనుక వరుసలో, తలుపు దగ్గర కూర్చుంటున్నదట.

ఆ దేశపు ధర్మగంటను మనం ఎట్లా మ్రోగించాలో తెలిస్తే చెప్పు తల్లీ.

నీ మేలు కోరే
రాజలింగు


క్వీన్స్‌లాండ్, ఆస్ట్రేలియా
18 మార్చి 1971

పూజ్యులైన పంతులు గారి పాదాలకు మీ శిష్యురాలు కమల నమస్కరించి,

మీ ఉత్తరాన్ని వార్డులో నిలబడే చదివాను. మా అవ్వ తలుపు దగ్గర కూర్చుంటున్నదన్న మాట దగ్గర ఆగిపోయాను. మా తాత కట్టెలు మోసి కట్టించిన మందిరం అది. ఇంక నేనిక్కడ ఉండలేను పంతులు గారూ. శిక్షణ మానేసి వచ్చేస్తానని మేట్రన్ గారికి చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో చెప్పకండి.

మీరు ఈ దేశాన్ని మరీ పైకెత్తారు. మసి గురించి వ్రాసిన ఆ ముసలామె ఇప్పుడు నా వార్డులోనే ఉన్నది. మీ కళ్లంలో తన కథ చదివారని చెబితే పకపకా నవ్వింది. ఆమె మొదటి ఉత్తరాన్ని పత్రిక అచ్చువేయనే లేదట. మిల్లువాళ్లు ఇచ్చే ప్రకటనలు పోతాయని భయం. అప్పుడామె ఉతికిన దుప్పటిని తీసుకొని సంపాదకుని ఇంటికి వెళ్లి, ఆయన భార్యతో, "మా ఇంట్లో తీగ తెగింది, ఒక్క రోజు మీ పెరట్లో ఆరేసుకుంటాను" అన్నదట. తగువు పెట్టుకోలేదు. దుప్పటి ఆరింది, మసి పట్టింది. ఆ తరువాతి వారమే ఉత్తరం అచ్చయింది.

ఇక్కడి గంట కూడా తనంతట మ్రోగదు పంతులు గారూ.

మీ
కమల


మన ఊరు
విరోధికృత్ నామ సంవత్సరం, చైత్ర మాసం (1971 ఏప్రిల్)

అమ్మా కమలా, నీ గురువు రాజలింగు ఆశీస్సులు.

ఈ ఉత్తరం అందేలోపు మేట్రన్ గారితో ఏమీ చెప్పి ఉండకు. ముందు ఇది చదువు.

కంపెనీ మేనేజరు బాపురావు భార్య రాధాబాయి నాందేడ్ వైపు మనిషి. చైత్రమాసంలో గౌరిని నిలిపి, ఊరి ముత్తయిదువులను పిలిచి, హల్దీ కుంకుమ ఇస్తుంది. నీ ఉత్తరంలోని దుప్పటి కథను మా ఇంటిది గంగుబాయికి వినిపించాను. ఆమె కొంగు దోపుకొని లేచి మిల్లు పక్కనున్న మేనేజరు బంగళాకు పోయింది.

"బాయీ, గౌరి పసుపు గౌరి ముందటనే ఉడుకాలె, గౌరి ముందటనే ఆరాలె. మీ వాకిలి ఇస్తరా?"

రాధాబాయి మురిసిపోయి, మరాఠీలో వదినా అని పిలిచింది. "ఇంత పుణ్యం కొత్తగా అడగాలా వహినీ! కానీ ఉడకబెట్టేది ఎవరు?"

"మా నర్సవ్వ. ఆమె పూజకు రాదు, ఆమె దేవుడు వేరు. పని మాత్రం ఆమెదే."

మీ అమ్మ బంగళా వాకిట్లో కడాయి పెట్టింది. రాధాబాయి కుర్చీ వేసుకొని మొదటి మంట నుండి చివరి ఆవిరి దాకా చూసింది. పుల్ల గుచ్చి పదును చూడడం తానూ నేర్చుకున్నది. దేవి పసుపు నేలమీద వద్దని పెట్టెలోని తెల్లని దుప్పటి తీసి తానే పరిచి, దాని మీద ఆరబోయించింది. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను.

మరునాడు పొద్దున గంగుబాయి, మీ అమ్మ, నేను వెళ్లేసరికి రాధాబాయి దుప్పటి ముందు నిలబడి ఉన్నది. పసుపు మీద, దుప్పటి మీద నల్లటి చినుకు కురిసినట్లు మసి. ఆమె ఒక కొమ్మును పైకెత్తింది. కమలా, ఆ కొమ్ము ఉన్నంత మేర దుప్పటి తెల్లగా ఉన్నది! మరొకటి ఎత్తింది. అక్కడా తెల్లని కొమ్ము ఆకారం, చుట్టూ నలుపు. అమావాస్య ఆకాశంలో నెలవంకలు పొడిచినట్లు ఆ వాకిట్లో తెల్లని గుర్తులు ఒక్కొక్కటిగా తేలుతుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. ఏ విలేకరీ, ఏ పండితుడూ వ్రాయలేని సాక్ష్యాన్ని ఆకాశమే వ్రాసి సంతకం పెట్టింది.

రాధాబాయి కొమ్మును విరిచింది. లోపల అంచు నుండి అంచు దాకా ఒకే బంగారం. ఉడుకు తప్పితే అట్లా ఉండదని ఆమెకు ఇప్పుడు తెలుసు. ఆ రెండు ముక్కలూ పట్టుకొని లోపలికి పోయింది. కాఫీ తాగుతున్న మేనేజరుతో అన్న మాట మా అందరికీ వినబడింది.

"గౌరికి ఏం పెట్టమంటారు? పసుపా, మీ చిమ్నీ కాటుకా?"

బాపురావు వాకిట్లోకి వచ్చి, తానూ ఒక కొమ్మునెత్తి, కింది తెలుపు చూసి తల దించుకున్నాడు. పెద్దకంపెనీని నోరు లేని రాక్షసి అనుకునేవాణ్ణి. ఆ వేళ దానికి సిగ్గుపడే ముఖం ఒకటి ఉన్నదని చూశాను. ఆయన చెప్పగా ఇప్పుడు మసి ఊదేముందు మిల్లు కూత వేస్తున్నది. మనవాళ్లు పసుపు మీద తాటిపత్రి మైనపుగుడ్డలు కప్పుకొని, ఊదడం అయ్యాక తీస్తున్నారు.

పత్రిక కూడా వ్రాసింది. రైతుల మేలు కోరి కంపెనీవారు ఉదారంగా కూత ఏర్పాటు చేశారట! మీ అమ్మ పేరు లేదు, వెనుకటి అబద్ధానికి క్షమాపణ లేదు. నేను మండిపడుతుంటే మీ అమ్మ నవ్వింది. "పేపర్ల నా పేరెందుకు పంతులూ? పొద్దుగూకితే దాంట్ల బెల్లం కడ్తరు."

అంతలో భీమన్న వచ్చాడు. గడప బయటే నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ, "అక్కా, కడాయి పొయ్యి మీదున్నది. నువ్వు రాందే మంట పెట్టను" అన్నాడు.

"నవీపేటామె ఏమాయె?"

"ఊకో అక్కా, ఇంకెన్నిసార్లు కొడ్తవ్!"

ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. ఈ ఆదివారం మీ అమ్మ మందిరంలో ముందు వరుసలో కూర్చున్నదని పాస్టరు ఏసుదానం నాకు వచ్చి చెప్పాడు.

నీవు శిక్షణ మానేస్తానన్న మాట ఇంట్లో చెప్పవద్దన్నావు. తల్లి అడిగిన ఒట్టే నిలుపలేనివాణ్ణి, బిడ్డది ఎట్లా నిలుపుతాను? మీ అమ్మ విని, "చదువు నడుమల ఇడిసివెట్టి వస్తే కడాయి మంట నడుమల ఆర్పినట్టే. పూరాగ ఉడికినంకనే దించాలె అని రాయి" అన్నది. ఈ మాట తనదేనని నీకు తెలియాలట. వేలిముద్రకు సిరాబుడ్డి జరిపితే వద్దని, అరగదీసిన పసుపులో బొటనవేలు అద్ది ఇక్కడ ఒత్తింది. ఎండలో పెట్టి ఆరనిచ్చాకనే మడిచాను. నీ వార్డులోని ఆ వృద్ధురాలికి కూడా చూపించు.

వెతికి చూడు తల్లీ, ఒక్క నల్లచుక్క లేదు.

ఇట్లు
నీ అవ్వ మాటకు వ్రాయసగాడైన
రాజలింగు