అన్ని సిస్టమ్స్‌లో స్క్రీన్ సేవర్

శుక్రవారం, రాత్రి

సోమవారం ఒంగోలు కాలేజీలో కొత్త ఉద్యోగంలో చేరాలి. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా మా ప్రిన్సిపాల్ గారి బీరువాలోనే ఉన్నాయి. "ల్యాబ్‌లో అన్ని సిస్టమ్స్‌కీ కాలేజీ బొమ్మతో స్క్రీన్ సేవర్ పెట్టమ్మా, ఇచ్చేస్తా" అన్నారు మొన్న.

విండోస్‌లో ఆ రోజే వచ్చింది. లినక్స్ ఉన్న పాత మెషీన్లలో మాత్రం ఆ ప్రోగ్రామ్‌ని కోడ్ నుంచి ఎన్నిసార్లు బిల్డ్ చేసినా తెర నల్లగానే ఉండిపోయింది. ఇవాళ త్రీడీ ఆప్షన్ తీసేసి మళ్ళీ బిల్డ్ చేశాను. సాయంత్రానికి అన్ని తెరల మీదా బొమ్మ కదిలింది. పరుగున వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను.

ల్యాబంతా తిరిగి చూసి మురిసిపోయారు.

"ఇంత పనిమంతురాలివి, నిన్నెట్లా వదులుకుంటామమ్మా? ఇంకో ఏడాది ఉండు."

"సర్టిఫికెట్లు ఇస్తానన్నారు కదండీ?"

"చూద్దాంలే" అంటూ వెళ్ళిపోయారు.

పని రాదనిపించుకున్నా బాగుండేదేమో. రేపు మళ్ళీ అడగాలి, ఏ ముఖం పెట్టుకుని అడగాలో...