పక్కన వదిలిన చోటు

అక్కా,

పురిట్లోనే పోయిన నా పాప సమాధి మీద ఇంటిపేరొక్కటే ఎందుకు చెక్కించావని ఫోన్లో కేకలేశావు. నేను ఫోన్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మళ్లీ పనికి వెళ్తున్నాను. మ్యూజియంలో, సాలీళ్ల గదిలో, ఎప్పటిలాగే సీసాలకు చీటీలు రాస్తున్నాను. గుండ్రటి గూడు అల్లే సాలీళ్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ప్రజాతి మా వంతుకొచ్చింది. ప్రజాతి అంటే ఇంటిపేరు లాంటిదనుకో. మనకు రాసినట్టే ముందు అది రాసి, తర్వాత అసలు పేరు రాస్తాం. కానీ ఈ సాలీళ్ల పిల్లలన్నీ ఒకేలా ఉంటాయి. పెరిగి పెద్దదైతే తప్ప ఏది ఏదో మా సారుకి కూడా తెలియదు. పిల్లగానే పోయినదానికి ఇంటిపేరొక్కటే రాస్తాం.

రాయి చెక్కే అతను "పాప పేరేంటమ్మా?" అని అడిగాడు. మీ మరిది నా వైపు చూశారు. నేను ఇంటిపేరు చెప్పాను.

"అంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాను.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు, దాని గురించి అడక్కు.

నీకు ఇంకొకటి చెప్పలేదు. చీటీ మీద ఇంటిపేరు పక్కన కాస్త చోటు వదులుతాం, ఎప్పటికైనా ఎవరైనా పేరు తేలుస్తారని. రాతి మీద కూడా అంత చోటు వదలమన్నాను.

నీ చెల్లి