ముప్పై పాఠాల చీటీ

కర్నూలు,
ఆదివారం.

పెద్దన్నకు తమ్ముడు ఓబులేసు నమస్కారం చేసి రాసుకునేది.

నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, వదిన, అమ్మ, పాప సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో నీ జాబులో లేదు. రాయవలసింది అది. దానికి బదులు నువ్వు రాసింది చదివి రెండు రోజులు నాకు తిండి సయించలేదు.

కోడెదూడను అమ్మి ఇచ్చిన డబ్బు తినేశానని, ఎవరి కారో కడుగుతూ బతుకుతున్నానని, సిగ్గుంటే బస్సెక్కి బద్వేలుకు రమ్మని రాశావు. ఈ మాట నీకు చెప్పింది మన అంగడి సుబ్బరాయుడే. ఆయన చూసింది నిజమే. నేను కారు కడుగుతుంటే చూసి, పలకరించకుండానే పోయాడు. నువ్వు కూడా నన్ను ఒక్క మాట అడగలేదు. అందుకే జరిగింది జరిగినట్లు రాస్తున్నాను. అమ్మకూ వదినకూ వినబడేలా చదువు.

ఈ ఊరు రాజధాని అయినప్పటి నుంచి గది దొరకడం గగనమైంది. సర్కారు ఆఫీసులే గుడారాల్లో నడుస్తున్నాయి. శెనక్కాయల మండీలో మూటలు మోసి, మండీ వెనక రేకుల కొట్టంలో నలుగురం పడుకుంటున్నాం. జొన్నరొట్టె అలవాటైంది. సంగటి మాత్రం ఇక్కడ ఎవరూ మనలాగా కెలకరు. మూటలు మోస్తే జీవితమంతా మూటలే. లారీ నడిపేవాడికి మాత్రం ఈ ఊళ్లో పిలిచి పని ఇస్తారు. ఇదంతా నీకు ముందే రాశాను.

బస్సులు ఆగే చోట నాగరాజు అనే ఆయన మోటారు నేర్పుతానని బోర్డు పెట్టాడు. పాఠం విడిగా అయితే రూపాయిన్నర. ముప్పై పాఠాలకు ఒకేసారి కడితే ముప్పై రూపాయలే. ఏం చేయమంటావని నీకు జాబు రాస్తే, ఒకేసారి కట్టెయ్యి, పదిహేను రూపాయలు మిగులుతాయి, దుప్పటి కొనుక్కో అని రాసింది నువ్వే. ఆ జాబు నా పెట్టెలో ఉంది. దుప్పటి కొనలేదు. మండీలో పని లేని రోజుల్లో ఆ డబ్బుతోనే తిన్నాను. నేను తిన్నదంతా అదే.

కట్టగానే ముప్పై గడులున్న చీటీ ఒకటి ఇచ్చాడు. పాఠం అయినప్పుడల్లా ఒక గడి కొట్టేస్తాడు. మొదటి రోజు కారులో నలుగురిని ఎక్కించి అరగంట తిప్పారు. ఒక్కొక్కరి చేతిలో స్టీరింగు ఉన్నది ఏడెనిమిది నిమిషాలు. అయినా నాలుగు చీటీల్లోనూ ఒక్కో గడి పోయింది. రెండో రోజు కారు స్టార్టు కాలేదు. కాలువ గట్టు దాకా తోశాం. అదీ పాఠమే అన్నాడు. ఇంకో రోజు, బండి కడిగితేనే బండి సంగతి తెలుస్తుందని బకెట్టు చేతికిచ్చాడు. సుబ్బరాయుడు చూసింది ఆ రోజే. డబ్బు కట్టి మరీ వాడి కారు కడిగాను, అన్నా. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెవులు మండుతున్నాయి.

నిజంగా నేర్పేది నాగరాజు కాదు, ఆయన దగ్గర జీతానికున్న మాదార్ సాహెబు. ముసలాయన, ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. జీతం పోతుందని నోరు మెదిపేవాడు కాదు.

కొన్నాళ్లకు మాతోపాటు రాహేలమ్మ అనే నర్సు చేరింది. రాజంపేట దగ్గరి మనిషి, పల్లెలు తిరిగి కాన్పులు చేస్తుంది. ఆవిడ కూడా ముప్పైకీ కట్టింది. ఆడమనిషివి, చూసి నేర్చుకో అని నాగరాజు ఆవిడకు ఒక్కసారి కూడా స్టీరింగు ఇవ్వనివ్వలేదు. గడులు మాత్రం కొట్టేశాడు.

నా చీటీలో ఇరవై గడులు పోయాక నాగరాజు దగ్గరికెళ్లి, నీ చదువు నాకొద్దు, మిగతా పదింటి డబ్బు ఇచ్చెయ్యమని అడిగాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "మధ్యలో మానుకుంటే విడి లెక్కేనప్పా. ఇరవై పాఠాలకు రూపాయిన్నర కాడికి ముప్పై. నీకిచ్చేది ఏమీ లేదు పో" అన్నాడు. నా చెయ్యి లేచింది. మాదార్ సాహెబు పట్టుకోకపోతే నేనీ జాబు జైలు నుంచి రాసేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే నేను పోయేసరికి రాహేలమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. నేను పోయి కారుకు అడ్డంగా నేల మీద కూర్చున్నాను. నాగరాజు వచ్చి, దిగమని, నలుగురూ నవ్వుతారని ఆవిడను కసిరాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"నవ్వితే నవ్వనీ. పోయిన నెల ఇద్దరు తల్లులు కాన్పు కాలేక ఆసుపత్రికొచ్చే దావలోనే సచ్చిపోయినారు. ఆసుపత్రిలో జీపు ఉండాది, తోలేవాడే లేడు. నాకు బండి నేర్పేదాకా నేను దిగేది లేదు."

జనం మూగారు. చేరడానికి డబ్బు తెచ్చుకున్న ఇద్దరు రైతులు ఏమైందని నన్ను అడిగారు. చీటీ చూపించి ఏ గడి ఎందుకు పోయిందో చెప్పాను. వాళ్లు డబ్బు మళ్లీ రొండిన దోపుకున్నారు. అది చూశాక నాగరాజు ముఖం మారింది. ఆవిడను దించమని మాదార్ సాహెబు మీద అరిచాడు. ఆయన నిదానంగా పోయి, అవతలి తలుపు తీసి, ఆవిడ పక్కన కూర్చున్నాడు. "క్లచ్చి తొక్కమ్మా" అన్నాడు. నేను లేచి, కారు ముందున్న హ్యాండిలు తిప్పి స్టార్టు చేశాను.

పోయిన గడులు తిరిగి రాలేదు. కొత్తగా ఎవరూ చేరరని భయపడి నాగరాజు దిగివచ్చాక, మిగిలిన పాఠాలు మాత్రం ఒక్కొక్కరికి విడిగా, పూర్తిగా చెప్పించుకున్నాం. అవి అయిన రోజే నాగరాజు ఆ ముసలాయనను పనిలోంచి తీసేశాడు. దానికి నాకున్న కోపం నా డబ్బు పోయినందుకు కూడా లేదు.

రాహేలమ్మ పరీక్ష పాసైంది. ఇప్పుడు జీపు ఆవిడే తోలుతోంది. నేను తప్పాను. నది ఒడ్డున ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించమంటే బండి వెనక్కి జారింది. పదిహేను రోజులకు మళ్లీ రమ్మన్నారు. సుబ్బరాయుడు చెప్పకముందే నేనే చెబుతున్నాను.

నేను బద్వేలుకు రాను. మళ్లీ తప్పితే మళ్లీ పోతాను. బడి అయ్యవారిని అడిగి నా వయసు కాగితం పంపించు, లైసెన్సుకు కావాలి. కోపమొచ్చి పంపకపోతే నేనే అయ్యవారికి రాసుకుంటాను.

మాదార్ సాహెబు ఇప్పుడు బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తెచ్చే లారీ నడుపుతున్నాడు. మండీ మానేసి ఆయన దగ్గర క్లీనరుగా చేరాను. మొన్న రాళ్లు దించి ఖాళీగా వస్తుంటే నన్ను స్టీరింగు పట్టమన్నాడు. రెండు మైళ్లు పోయాక ఏదో అడుగుదామని పక్కకు చూశాను. తలపాగా మోకాలి మీద పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఊరొచ్చేదాకా లేవలేదు.

అమ్మ పాదాలకు, వదినకు నా దండాలు. పాపకు ముద్దులు. నీ మీద ఎంత కోపమున్నా నువ్వు పెద్దవాడివి, నీ దీవెన నాకు కావాలి.

నీ తమ్ముడు,
ఓబులేసు