దసరా బొట్టు పెట్టిన రౌటర్

ఒరేయ్ శీనూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి దసరా. మోటార్లతో పాటు నీ రౌటర్‌కి కూడా వైర్లు పీకి, తుడిచి, బొట్టు పెట్టాను. తిరిగి పెట్టేటప్పుడు ఒక వైరు వేరే కన్నంలో పెట్టానట. అప్పట్నుంచి నాగాయలంక రొయ్యల చెరువు మీద నువ్వు పెట్టిన కెమెరా ఫోన్లో కనపడటం లేదు. రౌటర్ తెరవడానికని నువ్వు గోడ మీద రాసిన నంబరు ఫోన్లో వందసార్లు కొట్టాను, తెరుచుకోదు. మబ్బు పడితే రొయ్యలకి గాలి అందదని తిట్టి మరీ నేర్పావు కదరా! గాలి మోటార్లు తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి అవనిగడ్డ నుంచి చెరువుకి రోజుకి నాలుగుసార్లు పరిగెడుతున్నాను.

కేబుల్ సుబ్బారావు గారు వచ్చి చూశారు.

"మా కేబుల్ పెట్టెకీ, ఈ రౌటర్‌కీ ఒకే నంబరొచ్చేసరికి మీ తమ్ముడిది తప్పుకుని, తనే వేరే నంబరు వేసుకుందండి. అది దొరికింది గానీ, పాస్‌వర్డ్ అడుగుతోంది."

నీ పుట్టినరోజు, అమ్మ పేరు, నా పేరు అన్నీ కొట్టాను. ఏదీ కాదు. ఒక్క ముక్క చెప్పి పోతే నీ సొమ్మేం పోయేదిరా?

"వెనక కన్నంలో పిన్నుతో నొక్కితే పాస్‌వర్డ్ పోయి మొదటికొచ్చేస్తుందండి. నేను మళ్ళీ కెమెరా కలుపుతాను. మీ తమ్ముడు పెట్టిన పేరు మాత్రం పోద్ది."

ఫోన్లో వైఫై తెరవగానే 'శీను వాళ్ళక్క ఇల్లు' అని ఇంకా వస్తోంది. పిన్నీసు పట్టుకుని పొద్దుట్నుంచీ దాన్నే చూస్తున్నాను.

బయట మబ్బు పట్టింది. నొక్కుతున్నానురా. తిట్టుకోకు.

అక్క