తెప్ప దుంగల మధ్య టమాటా మడి

మావా,

నువ్వు చేపల వేటకు పోయి నేటికి ఏడాది. నీ పాత వలతో పెరటి చుట్టూ మేకలు రాకుండా దడి కట్టాను. ఇసకలో టమాటా రాదని, నీ తెప్ప కట్లు విప్పి, ఆ దుంగలనే నాలుగు వైపులా పేర్చి, లోపల ఎర్రమట్టి పోయించి ఎత్తుమడి చేశాను. పచ్చి టమాటా పప్పంటే నీకు ప్రాణం కదా.

పెట్టిన నారు పెట్టినట్టే మాడిపోతోంది. మొన్న మళ్లీ నాటాను. ఈ పొద్దున చూస్తే అవీ తల వాల్చేశాయి. మీ అమ్మ వచ్చి, దుంగను వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంది.

"దుంగల్లో ఉప్పుండాది మే. ఇన్నేళ్లు సముద్రంలో నానినాయి గదా! తీసెయ్, లేకుంటే ఒక్క మొక్కా బతకదు."

గునపం తెచ్చి ఒక దుంగను ఎత్తబోయాను. తెడ్డు వేసేటప్పుడు నువ్వు మోకాలు ఆనించి ఆనించి అరిగిన చోటు చేతికి తగిలింది. గునపం పక్కన పడేశాను.

తాగడానికి తెచ్చిన బిందెడు నీళ్లూ ఆ దుంగల మీదే కుమ్మరించాను. అత్త అరుస్తూనే ఉంది. రేపూ పోస్తాను. ఆ ఉప్పు ఎప్పటికి దిగుతుందో తెలియదు.

ఆ రోజు ఒడ్డుకు తెప్ప ఒక్కటే వచ్చింది మావా. దాన్ని కూడా ఎట్లా తీసి పారేసేది?